పదునాలుగు సూదుల చరిత్ర

"కుక్కకాటుకు చెప్పుదెబ్బ" అని మన సామెత. తప్పు జరిగిన వెంటనే శాస్తి కూడ జరుగవలెనని దాని భావము. కాని కఱచినది పిచ్చికుక్క అయినచో చెప్పుదెబ్బవలన ప్రయోజనము లేదు. కుక్క పాఱిపోవును. దాని చొంగతో గాయములో ప్రవేశించిన వైరస్ మాత్రము అచ్చటనే నిలిచి, మెల్లగా మెదడువైపు ప్రయాణము సాగించును. ఆ వైరస్ మెదడును చేరకముందే దానిని ఎదుర్కొను ఉపాయము 1885లో మనుష్యునకు దొరకినది. అదియే కుక్కకాటు టీకామందు.

హైదరాబాదు నగరమునకు దక్షిణమున, శంషాబాదునకు పోవు దారిలో గగన్‌పహాడ్ కలదు. నేడు ఆ దారి విమానాశ్రయమునకు పోవు వాహనములతో ఎడతెగని సందడిగా ఉండును. ఆ ప్రాంతమున గాని, తెలుగునాట మఱి ఎచ్చట గాని, అఱువది ఏండ్లు పైబడినవారిని కుక్కకాటు మందును గూర్చి అడిగినచో సాధారణముగా వచ్చు సమాధానము ఒక్కటే: "బొడ్డు చుట్టు పదునాలుగు సూదులు." ఆనాడు గొఱ్ఱె మెదడునుండి ఆ మందును తయారుచేసిన సంస్థలలో హైదరాబాదు నారాయణగూడయందలి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఒకటి. గగన్‌పహాడ్ వంటి ఊళ్ళవారు కూలి మానుకొని, సూదులు వేయు ఆసుపత్రికి దినదినము తిరుగవలసివచ్చెడిది.

ఆ సూదులన్న జనులకు భయము మెండు. నొప్పి ఒక కారణము. అంతకన్న లోతైన కారణము మఱియొకటి కలదు. "ఆ సూదులు వేయించుకొన్న కొందఱికి కాళ్ళు పడిపోవును" అను మాట ఊళ్ళలో ప్రచారమున ఉండెడిది. అది కేవలము పుకారు కాదు. అరుదుగానే అయినను అట్లు జరిగెడిది. అది ఎట్లు జరిగినది, వైద్యులు దానిని ఎట్లు గుర్తించిరి, ఎట్టి చికిత్స చేసిరి, చివరకు దానిని ఎట్లు తొలగించిరి అనునదే ఈ చరిత్ర.

జలభీతి స్వభావము

పిచ్చికుక్క కాటువలన వచ్చు వ్యాధికి రేబీస్ అని పేరు. రోగి నీటిని చూచినను, నీటి శబ్దము విన్నను గొంతు కండరములు బిగిసి విలవిలలాడును గనుక దీనికి జలభీతి అనియు పేరు వచ్చినది. ఈ వ్యాధికి మూలమైన వైరస్ రక్తములో కలిసి పోదు. అది గాయముదగ్గఱి నరములను పట్టుకొని వెన్నుపామునకు, అచ్చటినుండి మెదడునకు ప్రాకును. ఇందుకు సాధారణముగా ఒకటి మొదలు మూడు నెలలు పట్టును. కాటు ముఖముపైనను, తలపైనను ఉన్నచో ఇంకను త్వరగా చేరును.

మెదడును చేరినపిమ్మట చికిత్స ఫలించుట లేదు. లక్షణములు కనబడినతరువాత బ్రతికినవారు ప్రపంచమంతట వేళ్ళమీద లెక్కింపదగినంతమందియే. కాని కాటునకు, లక్షణములకు మధ్యనున్న ఆ కొలదివారములే మనుష్యునకు దొరకిన గడువు. ఆ గడువులో శరీరమునకు రక్షణశక్తిని కల్పించగలిగినచో ప్రాణము దక్కును. ఇతర వ్యాధులకు టీకాను ముందుగా వేయుదురు. దీనికి కాటు పడినతరువాత కూడ వేయవచ్చును.

పాశ్చర్ పద్ధతి

ఈ గడువును మొదట ఉపయోగించుకొన్నవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్. ఆ కాలమున వైరస్ అన ఏమో ఎవరికిని తెలియదు. దానిని గాజుపాత్రలలో పెంచు విధానమును లేదు. ప్రాణి నాడీమండలములో మాత్రమే అది పెరుగునని పాశ్చర్ గ్రహించెను. కావున ఆయన వ్యాధిని కుందేళ్ళకు ఎక్కించి, చనిపోయిన కుందేళ్ళ వెన్నుపాములను తీసి, పొడిగాలిలో వ్రేలాడదీసెను. దినములు గడచినకొలదియు వాటి తీవ్రత తగ్గుచుండెను. పదునాలుగు దినములకు పైగా ఎండినవి హానిచేయని స్థితికి వచ్చెను.

1885 జూలై 6వ తేదీన ఆల్సేస్ ప్రాంతమునుండి తొమ్మిదేండ్ల బాలుడు జోసెఫ్ మైస్టర్‌ను అతని తల్లి పారిస్‌నకు తీసికొనివచ్చెను. పిచ్చికుక్క వానిని పలుచోట్ల కఱచియుండెను. బాగుగా ఎండిన వెన్నుపాముతో ఆరంభించి, క్రమముగా తీవ్రమైనవానిని పాశ్చర్ ఆ బాలునకు ఎక్కించెను. బాలుడు బ్రతికెను. కొలదికాలములోనే ప్రపంచపు నలుమూలలనుండి కుక్కకాటు రోగులు పారిస్‌నకు రాసాగిరి.

ఇచ్చట ఒక విషయమును జ్ఞాపకముంచుకొనవలెను. పాశ్చర్ ఎక్కించినది వైరస్‌ను మాత్రమే కాదు. దానితోపాటు కుందేటి నాడీధాతువు కూడ మనుష్యుని శరీరములోనికి పోయినది. అప్పటి పరిస్థితులలో మఱియొక మార్గము లేదు. కాని తరువాతి చిక్కులకు బీజము పడినది ఇచ్చటనే. ఆ దశాబ్దము ముగియకముందే, టీకా వేయించుకొన్న కొందఱికి కాళ్ళు చేతులు పడిపోయినట్లు వార్తలు రాజొచ్చెను.

కసౌలీ, కూనూరు

మన దేశమున మొదటి పాశ్చర్ సంస్థ 1900లో హిమాలయ పాదములందలి కసౌలీలో వెలసినది. అంతకుముందు కలవారిని, సైనికులను పారిస్‌నకు పంపుటయు కలదు. దక్షిణదేశమున నీలగిరులందలి కూనూరులో 1907లో పాశ్చర్ సంస్థ ఆరంభమైనది. హెన్రీ ఫిప్స్ అను అమెరికా దాత ఇచ్చిన ధనము దానికి ఆధారము. కోస్తా జిల్లాలనుండి, రాయలసీమనుండి కుక్కకాటు పడినవారు రైలెక్కి మేట్టుపాళయము చేరి, అచ్చటినుండి కొండరైలులో కూనూరు పోవలసియుండెను. కాటు పడిన దినమునుండి కాలము పరుగెత్తుచుండును. ఇంటిలో పైకము లేక, దారి తెలియక ఆగిపోయినవారి గతి చెప్పనక్కరలేదు.

ఈ దూరమును తగ్గించినవాడు కసౌలీలో పనిచేసిన సైనికవైద్యుడు డేవిడ్ సెంపుల్. 1911లో ఆయన కొత్త విధానమును ప్రకటించెను. వ్యాధిని ఎక్కించిన జంతువు మెదడును నూఱి, దానిలో కార్బాలిక్ ఆమ్లమును కలిపి, మన శరీరపు వేడిమి వద్ద ఒక దినము ఉంచినచో వైరస్ చనిపోవును. చనిపోయిన వైరస్ వ్యాధిని కలిగింపదు, కాని రక్షణశక్తిని కలిగించును. ఈ మందు కొంతకాలము నిలువయుండును, సీసాలలో దూరప్రాంతములకు పంపవచ్చును. దీనివలన రోగి కూనూరు పోనక్కరలేకుండ, కూనూరు మందే క్రమముగా జిల్లా ఆసుపత్రులకు వచ్చినది. పేదదేశమునకు ఇది గొప్ప వరము. దాదాపు తొమ్మిది దశాబ్దములపాటు మన దేశమున కుక్కకాటు చికిత్సకు ఆధారమైనది ఈ సెంపుల్ టీకాయే.

మన దేశమున ఈ టీకాకు గొఱ్ఱె మెదడును వాడిరి. అది పెద్దది, చవుకగా దొరకును. మందులో మెదడు పాలు నూటికి ఐదు వంతులు. కాటు తీవ్రతనుబట్టి మోతాదును, దినములను నిర్ణయించెడివారు. తీవ్రమైన కాటునకు దినమునకు 5 మిల్లీలీటర్ల చొప్పున 14 దినములు వేసినచో ఎంత మెదడు శరీరములోనికి పోవునో విద్యార్థులే లెక్కకట్టవచ్చును. మొత్తము మందు 70 మిల్లీలీటర్లు. దానిలో నూటికి ఐదు వంతులన సుమారు మూడున్నర గ్రాములు. చూచుటకు ఇది కొంచెమే. కాని రక్షణయంత్రాంగమును తట్టిలేపుటకు కొంచెమే చాలును.

గుర్తుపట్టుట ఎట్లు?

గగన్‌పహాడ్ రైతు ఒకడు పదిహేను దినముల క్రిందట కుక్కకాటు తిని, ఆ మఱునాటినుండి సూదులు వేయించుకొనుచున్నాడనుకొందము. ఒకనాటి ఉదయము అతనికి జ్వరము, తలనొప్పి, నడుములో పోటు వచ్చినవి. మఱునాటికి కాళ్ళలో తిమ్మిరి పుట్టి, లేచి నిలువలేకపోయెను. మూత్రము బిగిసినది. ఇంటివారు అతనిని బండిమీద పట్టణమునకు తెచ్చిరి. వైద్యుని ఎదుట ఇప్పుడు రెండు ప్రశ్నలు ఉన్నవి. ఇది టీకావలన కలిగిన పక్షవాతమా? లేక టీకాను కూడ తప్పించుకొని మెదడును చేరిన జలభీతియా?

ఈ సందేహము చిన్నది కాదు. జలభీతి అన్నివేళల నీటిభయముతోనే రాదు. కొందఱు రోగులలో నీటిభయము, వెఱ్ఱి చేష్టలు లేకుండ కేవలము పక్షవాతముగానే అది వచ్చును. అదియే అయినచో మరణము తప్పదు. టీకా పక్షవాతమైనచో సరియైన సంరక్షణవలన చాలమంది కోలుకొందురు. "ఇది రేబీసే" అని తొందరపడి తీర్పు చెప్పినచో వైద్యుడు చేతులెత్తివేయును, ఇంటివారు ఆశ వదలుకొందురు. బ్రతుకదగిన మనుష్యుడు ఆ ఒక్క మాటతో చావవచ్చును. "ఇది టీకా దోషమే" అని పొరపాటుగా తలచినచో, జాగ్రత్తలు తీసికొనక రోగి చొంగ తాకిన పరిచారకులు ప్రమాదములో పడవచ్చును.

కావున వైద్యులు గుర్తులను కూర్చి చూడసాగిరి. మొదటి గుర్తు కాలము. టీకా పక్షవాతము సాధారణముగా మొదటి సూది వేసిన ఒకటి మొదలు మూడు వారములలో వచ్చును. జలభీతికి అట్టి కొలత లేదు. రెండవది ఆరంభస్థలము. జలభీతి పక్షవాతము తఱచుగా కాటు పడిన అవయవమునందే మొదలగును, ముందుగా మానిన గాయమువద్ద దురద, చిమచిమ పుట్టును. టీకా పక్షవాతమునకు కాటు ఎచ్చట పడినదో అక్కరలేదు. మూడవది స్పర్శ. టీకా దోషము వెన్నుపామును అడ్డముగా దెబ్బతీసినపుడు, నడుమువద్ద గీత గీచినట్లుగా ఆ క్రింద స్పర్శజ్ఞానము పోవును. నాలుగవది కుక్క. కఱచిన కుక్క పది దినముల తరువాత కూడ ఆరోగ్యముగా తిరుగుచున్నచో కాటు సమయమున దాని చొంగలో వైరస్ లేదని అర్థము. అప్పుడు రోగికి వచ్చినది జలభీతి కాదు. ఏ ఒక్క గుర్తును మాత్రమే నమ్మక, అన్నిటిని కలిపి తూచవలెను.

టీకా దోషము ఒకే రూపమున రాదని కూడ తేలినది. కొందఱికి ముఖపు నరము మాత్రమే దెబ్బతిని, నోరు ఒకప్రక్కకు లాగును. ఇది తేలికరకము. కొందఱికి వెన్నుపాము క్రిందిభాగము దెబ్బతిని కాళ్ళు పడిపోవును. కొందఱికి మెదడు వాచి మగత, మూర్ఛలు కలుగును. మిక్కిలి ప్రమాదకరమైనది ఆరోహణ పక్షవాతము. అది పాదములతో ఆరంభమై, దినదినము పైకి ప్రాకి, చేతులను పట్టి, చివరకు ఊపిరి తీయు కండరములను పట్టును. ఈ రకములో మరణములు ఎక్కువ.

దోషి ఎవరు?

రోగమును గుర్తించినంతమాత్రమున దాని కారణము తెలిసినట్లు కాదు. ఇచ్చట ముగ్గురు అనుమానితులు ఉండిరి. ఒకటి, కుక్క చొంగలోని వైరస్. రెండు, టీకాలో చావక మిగిలిన ప్రయోగశాల వైరస్. మూడు, టీకాలోని మెదడు ధాతువు.

మొదటి అనుమానము త్వరగానే వీగిపోయినది. పిచ్చి లేని కుక్క కఱచినవారికిని, అనుమానముతో మాత్రమే టీకా వేయించుకొన్నవారికిని పక్షవాతము వచ్చుచుండెను. జలభీతితో చనిపోయినవారి మెదడు కణములలో కనబడు గుర్తులను 1903లో ఇటలీ శాస్త్రజ్ఞుడు నెగ్రి కనుగొనియుండెను. ఆ నెగ్రి కణికలు టీకా పక్షవాతముతో చనిపోయినవారి మెదడులో లేవు.

రెండవ అనుమానము పూర్తిగా తప్పు కాదు. 1960లో బ్రెజిల్ దేశపు ఫోర్టలేజా నగరమున, వైరస్ సరిగా చావని టీకాను వేసినందున 66 మందిలో 18 మంది జలభీతితోనే మరణించిరి. టీకా తయారీలో పరీక్ష ఎంత కఠినముగా ఉండవలెనో తెలుపుటకు ఇంతకన్న ఘోరమైన ఉదాహరణము అక్కరలేదు. కాని ఇట్టివి తయారీ పొరపాట్లు. వైరస్ పూర్తిగా చచ్చిన సెంపుల్ టీకా వేయించుకొన్నవారికి కూడ పక్షవాతము వచ్చుచున్నదన్న, దానికి కారణము వేఱుగా ఉండవలెను.

మిగిలినది మూడవది. దీనిని పరీక్షించినవాడు న్యూయార్కునందలి రాక్‌ఫెల్లర్ సంస్థలోని టామస్ రివర్స్. 1933లోను, 1935లోను ఆయన తన సహచరులతో కలిసి ప్రచురించిన ప్రయోగములు ప్రసిద్ధములు. ఆరోగ్యముగానున్న కుందేళ్ళ మెదడును నూఱి, ఏ వైరస్ లేకుండ, కోతులకు మాటిమాటికి సూదులతో ఎక్కించిరి. నెలలు గడచినపిమ్మట కోతులు తూలసాగెను, కాళ్ళు పడిపోయెను. వాటి మెదడులో చిన్న రక్తనాళముల చుట్టు నరముల తొడుగు కరగిపోయియుండెను. టీకా పక్షవాతముతో చనిపోయినవారి మెదడులో కనబడు మార్పును ఇట్టిదే. వైరస్ లేకయే వ్యాధి వచ్చినది. దోషి మెదడు ధాతువే.

నరముల తొడుగును గూర్చి ఒక మాట. విద్యుత్తీగెకు రబ్బరు తొడుగు ఉన్నట్లు, మన నరములకు మైలిన్ అను కొవ్వుతొడుగు కలదు. అది చెడినచో నరములో వార్త మధ్యలోనే ఆగిపోవును. గొఱ్ఱె మైలిన్, మనుష్యుని మైలిన్ చాలవఱకు ఒకే పోలికలో ఉండును. గొఱ్ఱె మెదడును పదేపదే ఎక్కించినపుడు, కొందఱి రక్షణకణములు దానిని శత్రువుగా తలచి దానిపై దాడికి సిద్ధమగును. పిమ్మట అదే పోలికలోనున్న సొంత మైలిన్‌ను చూచి, "ఇదియు శత్రువే" అని పొరబడి దానిని కొఱుకును. ఇది ఇంటి కాపలావాడు యజమానినే దొంగ యనుకొని కొట్టినట్లుండును.

1947లో ఎల్విన్ కబాట్ మొదలగువారు రక్షణశక్తిని రెచ్చగొట్టు నూనెమిశ్రమముతో మెదడు ధాతువును కలిపి, కొద్ది సూదులతోనే కోతులలో ఇట్టి వ్యాధిని పుట్టించిరి. క్రమముగా మైలిన్‌లోని ఒక మాంసకృత్తు ప్రధాన దోషి అని తేలినది. 1987లో హేమచూడ మొదలగు థాయి, అమెరికా వైద్యులు సెంపుల్ టీకావలన పక్షవాతము వచ్చిన థాయ్‌లాండు రోగుల రక్తమును పరీక్షించి, ఆ మాంసకృత్తుపై పనిచేయు ప్రతిరక్షకములను చూపిరి. కోతులలో కనబడినది మనుష్యులలోను రుజువైనది.

లెక్క పెట్టుటలోని కష్టము

ఈ చిక్కు ఎంత అరుదు? దీనికి ఒకే సమాధానము దొరకలేదు. కొన్నిచోట్ల టీకా వేయించుకొన్న కొన్నివందలమందిలో ఒకరికి, కొన్నిచోట్ల కొన్నివేలమందిలో ఒకరికి వచ్చినట్లు లెక్కలు వచ్చినవి. టీకా తయారీలోని భేదము కొంత కారణము. వెదకుటలోని భేదము మఱికొంత కారణము. సూదులు ముగించుకొని ఊరికి పోయిన మనుష్యునకు తరువాతి వారము కాళ్ళు పడిపోయినచో, అది టీకా వేసిన ఆసుపత్రి పుస్తకములోనికి ఎక్కదు. గాలి సోకినదని గాని, వాతము కమ్మినదని గాని ఊరిలో అనుకొందురు. వెదకనిచోట వ్యాధి లేనట్లే కనబడును.

అందుచేతనే 1927లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ జలభీతి సమావేశమున ఈ పక్షవాతములను గూర్చి చర్చించిరి. పిమ్మట నానాజాతి సమితి పక్షమున, ఒకప్పుడు కసౌలీలో పనిచేసిన మెకెండ్రిక్ అను వైద్యుడు పలుదేశముల పాశ్చర్ సంస్థల నివేదికలను తెప్పించి, లెక్కలు కట్టి, వరుసగా సమీక్షలు ప్రకటించెను. అంటువ్యాధుల వ్యాప్తిని గణితసూత్రములలో పెట్టిన మెకెండ్రిక్ ఈయనయే.

లెక్క కేవలము పండితులకే కాదు, రోగికిని కావలసినదే. నిజముగా పిచ్చికుక్క కఱచినవానికి వేయింట ఒక పాలు పక్షవాత ప్రమాదము అంగీకరింపదగినదే, ఏలయన మఱియొక ప్రక్కనున్నది చావు. కాని కఱచినవన్నియు పిచ్చికుక్కలు కావు. మంచికుక్క కఱచినవాడు కూడ భయముతో పదునాలుగు సూదులు వేయించుకొన్నచో, ఏ మేలును లేకుండ ఆ ప్రమాదమును మాత్రమే పొందును. అందుచేత పెంపుడుకుక్కను పది దినములు కట్టి చూచుటయు, అది బాగుగానున్నచో సూదులు మాన్పుటయు అలవాటయ్యెను.

చికిత్స

లక్షణము కనబడినతోడనే మెదడు ధాతువుగల టీకాను ఆపవలెను. ఇది మొదటి సూత్రము. జ్వరము, తలనొప్పి, కాళ్ళ తిమ్మిరి వచ్చినను "ఇంక రెండే సూదులు మిగిలినవి, ముగింతము" అనుట ప్రమాదకరము. కాని ఆపినచో జలభీతినుండి రక్షణ ఎట్లు? వైద్యునకు ఇది కత్తి అంచుపై నడకయే. మెదడు ధాతువు లేని టీకాలు వచ్చినపిమ్మట వానికి మార్చుట సాధ్యమై, ఈ చిక్కు విడినది.

రెండవది రక్షణకణముల ఉద్రేకమును అణచుట. 1950 తరువాత కార్టిసోన్ జాతి మందులు అందుబాటులోనికి వచ్చి, ఈ రోగులకు వాడుకలో పడినవి. కాని వీనివలన టీకా కలిగించు రక్షణశక్తియు తగ్గవచ్చును. కావున అవసరము రూఢి అయినపుడే ఇచ్చెడివారు.

మూడవది సంరక్షణ. చూచుటకు సామాన్యమైనను ప్రాణము నిలుపునది ఇదియే. కదలలేని రోగిని రెండేసి గంటలకు ప్రక్క మార్చనిచో వీపున పుండ్లు పడును. మూత్రము బిగిసినచో గొట్టముతో తీయవలెను. ఊపిరి తగ్గుచున్నచో యంత్రముతో ఆడింపవలెను. జ్వరము తగ్గినపిమ్మట కాళ్ళు చేతులు ఆడించి, మెల్లగా నిలువబెట్టి, నడక నేర్పవలెను. ఇట్లు వారములు, నెలలు ఓర్పుతో సేవచేసినచో, చాలమంది తమ కాళ్ళపై తాము ఇంటికి పోగలిగిరి. కొందఱికి కుంటితనము మిగిలెను.

మెదడు లేని టీకా

దోషి మైలిన్ అని తెలిసినపుడు, మైలిన్ లేనిచోట వైరస్‌ను పెంచవలెనను ఆలోచన సహజముగా వచ్చును. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల మెదడులో మైలిన్ ఇంకను సరిగా ఏర్పడదు. 1955లో చిలీ దేశమున ఫువెంజలీడా, పలాసియోస్ అనువారు ఆ మెదడునుండి టీకా చేసిరి. దక్షిణ అమెరికాలో అది విస్తారముగా వాడుకలోనికి వచ్చెను. పక్షవాతములు తగ్గినవి గాని పూర్తిగా పోలేదు. అదే దశాబ్దమున అమెరికాలో బాతుగ్రుడ్ల పిండములలో వైరస్‌ను పెంచి మఱియొక టీకా చేసిరి. దానివలన నాడీదోషములు తక్కువ, కాని రక్షణశక్తియు అంతంతమాత్రమే.

అసలు మార్పు గాజుపాత్రలో కణములను పెంచు విద్యతో వచ్చినది. 1960 దశాబ్దమున అమెరికాలోని విస్టార్ సంస్థలో కొప్రోవ్‌స్కీ, విక్టర్ మొదలగువారు మనుష్యకణములలో జలభీతి వైరస్‌ను పెంచిరి. 1975-76లలో ఇరాన్‌లో పిచ్చితోడేళ్ళు, పిచ్చికుక్కలు తీవ్రముగా కఱచిన 45 మందికి ఆ టీకాను, రక్షక సీరమును ఇచ్చిరి. అందఱును బ్రతికిరి. పిమ్మట కోడిపిండ కణములలోను, కోతి మూత్రపిండమునుండి తీసిన వీరో కణములలోను చవుకైన టీకాలు వచ్చినవి.

మెదడు టీకాను మానవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణులు 1980 దశాబ్దముననే సలహా ఇచ్చిరి. కాని కొత్త టీకా వెల ఎక్కువ. పేదరోగికి గొఱ్ఱె మెదడు టీకా ఉచితముగా దొరకుచుండెను, కొత్త టీకా కొనవలసియుండెను. కలవానికి ప్రమాదము లేని మందు, లేనివానికి ప్రమాదము ఉన్న మందు అను అన్యాయము ఇరువది ఏండ్లు సాగినది. 2004 డిసెంబరుతో మన దేశమున మెదడు టీకా తయారీ, వాడుక నిలిచిపోయినవి. 2006లో చర్మపుపొరలోనే కొద్దిమోతాదు వేయు పద్ధతికి అనుమతి వచ్చి, ఒక సీసా మందు పలువురికి సరిపోవుటచే ఖర్చు తగ్గెను. ఒకప్పుడు మందుకై కూనూరు కొండలెక్కిన దేశము నేడు కణములలో పెంచిన టీకాను స్వయముగా తయారుచేయుచున్నది.

ఈ చరిత్రవలన మఱియొక మేలు కూడ కలిగినది. రివర్స్ కోతులలో చూచిన వ్యాధి, మైలిన్ కరగిపోవు మల్టిపుల్ స్క్లెరోసిస్ అను రోగమును అర్థము చేసికొనుటకు నమూనా అయినది. ఆ రోగమునకు నేడు వాడుచున్న మందులలో కొన్ని ఆ నమూనా పరిశోధనలనుండి పుట్టినవే.

నేటి పాఠము

నేడు గగన్‌పహాడ్‌లో పిల్లవానిని కుక్క కఱచినచో చేయవలసినది సులభము. గాయమును వెంటనే సబ్బుతో, పాఱు నీటితో పదిహేను నిమిషములు కడుగవలెను. సున్నము, కారము, పసరు పూయరాదు. అదే దినము ఆసుపత్రికి పోయి టీకా ఆరంభింపవలెను. అది చేతికి వేయు నాలుగైదు పర్యాయముల సూది. దానిలో మెదడు ధాతువు లేదు. కాటు లోతైనదైనచో గాయములోనే రక్షక సీరమును కూడ ఎక్కింతురు.

కాని "బొడ్డు చుట్టు పదునాలుగు సూదులు" అను భయము ఆ సూదులు పోయినను పోలేదు. దానివలన కొందఱు ఇప్పటికిని ఆసుపత్రికి పోక నాటుమందులను నమ్ముచున్నారు. వారికి "ఆ భయము ఒట్టి మూఢనమ్మకము" అని చెప్పుట సరికాదు, అది నిజమును కాదు. ఒకప్పుడు ఆ భయమునకు కారణము ఉండెను. వైద్యులు దానిని దాచక గుర్తించిరి, లెక్కించిరి, కారణమును వెదకిరి, ఆ కారణమును టీకానుండి తీసివేసిరి. భయమునకు మూలమైన మందు పోయినది గనుక ఇప్పుడు భయపడనక్కరలేదు అని చెప్పవలెను. ఆ మాటను తరగతిలో ఉపాధ్యాయుడు చెప్పినచో పిల్లలు ఇంటికి తీసికొనిపోవుదురు. ఏదో ఒకనాడు అది ఒక ప్రాణమును నిలుపును.